తల లేని గిటారు కోసం బళ్ళారి దాకా

గిటారు కొనడానికి బళ్ళారి వెళ్తున్నానని చెప్తే మా తెనాలిలో నవ్వని మనిషి లేడు. గిటారు కావాలంటే మద్రాసు వెళ్తారు, కలకత్తా నుంచి తెప్పించుకుంటారు, సింగపూరు వెళ్ళొచ్చే చుట్టాలుంటే వాళ్ళను బతిమాలుకుంటారు. బళ్ళారిలో ఎండలు తప్ప ఏం దొరుకుతాయండీ అని మా ఆర్కెస్ట్రా లీడరే వెక్కిరించాడు. ఆయన వెక్కిరింపుకు వేరే కారణం ఉంది. నా ఎడమ భుజం కీలు అరిగింది. గిటారు తగిలించుకుని గంట నిలబడితే ఆ చెయ్యి ఇక పైకి లేవడం లేదు. బరువైనా తగ్గించు, వాయించడమైనా మానెయ్యి అని డాక్టరు తేల్చి చెప్పాడు. కూర్చుని వాయిస్తానంటే లీడరు ఒప్పుకోడు, స్టేజీ మీద రోగిష్టిని కూర్చోబెట్టినట్టుంటుందట. పైగా ఆయన మేనల్లుడు కొత్తగా కీబోర్డు కొని, నా చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాడు. పెళ్ళిళ్ళ సీజను ఇంకో నెలలో ఉంది. ఇరవై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది ఆ సీజనే.

ఆదోనిలో ఒక ప్రోగ్రాముకు వెళ్ళినప్పుడు అక్కడి లోకల్ పార్టీ గిటారిస్టు చేతిలో ఒక వింత వస్తువు చూశాను. దానికి తల లేదు. మెడ చివర నిటారుగా కోసేసినట్టు ఆగిపోయింది. తీగలు బిగించే మరలు కింద, అరచెయ్యి ఆనే చోట ఉన్నాయి. ఒళ్ళు చపాతీ పీటంత ఉంది. ఒక్క వేలితో ఎత్తగలిగాను. విదేశీ పత్రికలో ఇలాంటి గిటారు బొమ్మ ఒకటి చూసినట్టు గుర్తు, దాని ధరకు మా ఊళ్ళో స్కూటరు వస్తుంది. ఇది ఆరువందల యాభై అన్నాడతను. ఎవరు చేశారంటే, బళ్ళారి కౌల్ బజారులో వీరభద్రప్ప అని ఒకాయన, కాలిన మోటార్లకు తీగ చుట్టే మనిషి అన్నాడు.

అందుకని బయల్దేరాను.

బళ్ళారి: కాలిన మోటార్ల మధ్య

రైలు దిగగానే ఆకలి. స్టేషను బయట జనం మూగిన చోట ప్లేటు రూపాయిన్నరకు ఒగ్గరణి, రెండు మిరపకాయ బజ్జీలు ఇచ్చారు. మరమరాలు తడిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టారు. మా వైపు మరమరాలంటే తీర్థంలో పొట్లం కట్టించుకునే చిరుతిండి, దాన్ని పొద్దున్నే టిఫిను అని ఎవరూ అనరు. రెండో ప్లేటు తింటున్నప్పుడు నా అభిప్రాయం మార్చుకున్నాను. బజ్జీ మాత్రం కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. పక్కనున్న పెద్దమనిషి నన్ను చూసి, “కొత్తేమప్పా? స్వల్ప మెల్లగ తిను” అన్నాడు.

ఈ ఊళ్ళో అందర్నీ నువ్వు అనే అంటారు. మొదట నాకు మర్యాద తగ్గినట్టు అనిపించింది, మా వైపు ఇరవై ఏళ్ళ కుర్రాడిని కూడా మీరు అంటాం కదా. ఇక్కడ మర్యాదంతా చివర తగిలించే ఆ ‘అప్పా’లో పెడతారని సాయంత్రానికి అర్థమైంది.

వీరభద్రప్ప షాపు ముందు పొలాల మోటార్లు గుట్టలుగా పడి ఉన్నాయి, అన్నీ కాలినవే. కాలిన వార్నిషు వాసన వీధి చివరిదాకా వస్తోంది. నలుగురైదుగురు రైతులు గట్టు మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. లోపల వీరభద్రప్ప, అరవై దాటిన మనిషి, కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టుకుని, వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుడుతున్నాడు. గిటారు కోసం వచ్చానంటే తల కూడా ఎత్తకుండా, వానలు పడినాక రమ్మన్నాడు.

నాకు అర్థం కాలేదు. గిటారుకూ వానలకూ ఏమిటి సంబంధం అని అడిగాను. పక్కనున్న రైతు నవ్వి, అదంతా వివరంగా చెప్పాడు. ఎండలు ముదిరే కొద్దీ కరెంటు సరిగ్గా రాక మోటార్లు కాలతాయి. వానలు పడితే మోటార్లు నడపరు, కాబట్టి కాలవు. ఆ మూడు నెలలే ఆయన గిటార్లు చేస్తాడు. మిగతా కాలమంతా ఆ బల్ల మీద మోటారు తప్ప ఇంకోటి ఎక్కదు.

నా భుజం సంగతి, సీజను సంగతి, మేనల్లుడి సంగతి అన్నీ చెప్పుకున్నాను. కాస్త ఎక్కువగానే చెప్పుకున్నానేమో. ఆయన చుట్టడం ఆపి మొదటిసారి నా ముఖం చూశాడు.

“బయట మోటార్లు చూసినావు కదా. ఒక్కో మోటారు ఎనక మూడెకరాల పైరు ఉండాది, ఎండిపోతాంది. గిటారు లేకుంటే ఎవురూ సావరప్పా.”

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో తలెత్తితే గోడకు వేలాడుతూ ఒక గిటారు కనిపించింది.

అడక్కుండానే దించి భుజానికి తగిలించుకున్నాను. మెడ అల్యూమినియం గొట్టం, దాని మీద కర్ర పట్టీ, వేళ్ళు నొక్కే మెట్లకు సైకిలు చక్రం పుల్లలు సగం లోతుకు దించి ఆకురాయితో అరగదీశాడు. పాత రేడియో స్పీకరు అయస్కాంతాలు, ఆయన చేత్తో చుట్టిన రాగి తీగ. లోపలే టార్చి సెల్లులతో పనిచేసే చిన్న యాంప్లిఫయరు, చిన్న స్పీకరు, అంటే కరెంటు లేని చోటైనా పాడుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, నా భుజం నొప్పి పెట్టలేదు. బెల్టు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, మోచెయ్యి ఎక్కడ ఆనాలో అక్కడ ఆనింది. ఎన్ని నెలలైందో అలా హాయిగా నిలబడి! అక్కడే ఏడ్చేసేవాణ్ణి, రైతులు చూస్తున్నారని ఆగాను.

“అది అమ్మేది కాదు. కొలతిచ్చినోడు వేరే ఉండాడు,” అన్నాడు వీరభద్రప్ప.

ఆయన పద్ధతి దర్జీ పద్ధతి. ఎవరికి గిటారు చెయ్యాలన్నా టేపు పెట్టి అరచెయ్యి వెడల్పు, మోచేతి పొడవు, ఛాతీ కొలుస్తాడు. ఒకరి కొలతకు చేసింది ఇంకొకరికి ఇవ్వడు. ఇది గాదిలింగప్ప అనే అతని కొలతకు చేసింది, సండూరు పార్టీలో వాయించేవాడు. కొలతిచ్చి వెళ్ళి రెండేళ్ళయినా తీసుకోవడానికి రాలేదు. అతనూ నాలాగే పొడుగు చేతుల సన్నటి మనిషి అయ్యుండాలి, లేకపోతే ఇంత సరిగ్గా అతకదు. ఆ మాటే అంటే వీరభద్రప్ప నన్ను ఎగాదిగా చూసి ఔనన్నట్టు తలూపాడు.

తల ఎందుకు తీసేశారని అడిగాను. ఆర్కెస్ట్రా వాళ్ళు లారీల మీద, బస్సుల మీద తిరుగుతారు, రిపేరుకు వచ్చేవన్నీ తల విరిగినవే, విరిగేదాన్ని మళ్ళీ ఎందుకు పెట్టాలి అన్నాడు. అయితే ఈ గిటారుకు ఇంకో వింత ఉంది. ఒళ్ళు పై అంచు నుంచి జానెడు పొడుగున ఒక చెక్క కొమ్ము వంకర తిరిగి నా ముఖం వైపుకు వస్తోంది. చివర తోలు ముక్క అంటించి ఉంది. స్విచ్చులు కూడా రెండున్నాయి. మొదటిది వేస్తే స్పీకరు పలికింది. రెండోది వేస్తే స్పీకరు ఆగిపోయి, కొమ్ము మాత్రం చేతికి జివ్వుమంది. కరెంటు లీకవుతోందని చెప్పాను.

“అది ఆయప్పకు పెట్టింది. నీకొద్దంటే రెండు స్క్రూలు, పీకేస్తా,” అని మళ్ళీ తీగ చుట్టడంలో పడ్డాడు. లోపలికొచ్చిన రైతు మోటారు సంగతి ఎత్తడంతో నన్ను మర్చిపోయాడు.

రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. కదలనని అర్థమయ్యాక ఆయనే దారి చూపించాడు. గాదిలింగప్ప ఇప్పుడు యాడుండాడో తెలియదు, చెల్లెలు దోణిమలైలో ఉంటుంది, ఆమెకు తెలుస్తుంది. గిటారు తీసుకుపో. అతని చేతికివ్వు. అతను వద్దంటే నీది, ఆరువందల యాభై నాకు పంపు.

“ఆయప్ప నోటితోనే అనల్ల. వేరేవాళ్ళు చెప్తే సెల్లదు.”

ముక్కూ ముఖం తెలియని మనిషికి గిటారు చేతిలో పెట్టి పంపించేశాడు. చిరునామా కూడా రాసుకోలేదు. మా ఊళ్ళో తెలిసినవాడికి గొడుగు ఇవ్వాలన్నా నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

సండూరు: ఎర్ర చొక్కా

మర్నాడు సండూరు బస్సు. తెల్ల చొక్కా వేసుకుని ఎక్కడం నా తెలివితక్కువ. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, ప్రతి లారీకీ కిటికీలోంచి ఒక ఎర్ర మేఘం లోపలికి వచ్చింది. కొండలు ఎరుపు, రోడ్డు ఎరుపు, రోడ్డు పక్క ఇళ్ళ మీద ఆరేసిన బట్టలు ఎరుపు. గంటలో నా చొక్కా కూడా ఆ ఊరిదైపోయింది.

గిటారును దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కొమ్ము బయటికి పొడుచుకొచ్చింది. అదేంటన్నది బస్సులో పెద్ద చర్చ. టీవీ యాంటెనా అని ఒకాయన, కాదు తూకం రాయి వేలాడదీసే కొక్కెం అని ఇంకొకాయన. కండక్టరు వచ్చి, అది మనిషా లగేజా చెప్పమన్నాడు. తెరిచి చూపించక తప్పలేదు. గిటారంటే ఎవరూ నమ్మలేదు, తల ఏదని అడిగారు. వాయించి చూపిస్తే అందరూ సంతోషించారు, కండక్టరు లగేజి టికెట్టు మాట ఎత్తలేదు. నేనూ సంతోషించి, కొమ్ము ఎందుకో నాకు అప్పుడే తెలిసిపోయినట్టు దానికి నా గుడ్డసంచీ తగిలించాను. సరిగ్గా సరిపోయింది. గోడ కొక్కేనికో, సంచీకో పెట్టి ఉంటాడు, మంచి ఆలోచనే అనుకున్నాను.

ఆ ప్రదర్శనకు ఫలితం సండూరు బస్టాండులో తెలిసింది. టీ తాగి, మళ్ళీ ఒకసారి తీగ మీటితే శబ్దం గొంతు పట్టేసినట్టు వచ్చింది. చూస్తే అయస్కాంతాల మీద నల్లటి పొడి మీసాల్లా లేచి నిలబడి ఉంది. ఎర్ర దుమ్ములో ఉండే ఇనుము రజను అది. ఊదితే పోలేదు. చేతి రుమాలుతో తుడిస్తే ఇంకా లోపలికి పోయింది. కొనని గిటారును అప్పుడే పాడు చేశాను.

దోణిమలై: పిండి ముద్ద

గాదిలింగప్ప చెల్లెలు పేరు హులిగెమ్మ. భర్త గనిలో పని చేస్తాడు, క్వార్టర్లలో ఉంటారు. దోణిమలై నిండా వరసలు వరసలుగా ఒకే రకం ఇళ్ళు, ఒకే రంగు తలుపులు. మూడు తప్పు తలుపులు తట్టి నాలుగోది పట్టుకున్నాను. ఆ మూడు ఇళ్ళలో ఒక చోట కన్నడం, ఒక చోట తమిళం, ఒక చోట ఉర్దూ, అందరూ మంచినీళ్ళు మాత్రం ఇచ్చారు.

నేనెవరో చెప్పకముందే దుప్పటిలోది చూసి ఆమె గుర్తుపట్టింది, బళ్ళారి షాపు గోడ మీద ఒకసారి చూసిందట. అయస్కాంతాల మీది నల్ల మీసాలు చూసి నన్నేమీ అనలేదు. లోపలికి వెళ్ళి చపాతీ పిండి ముద్ద తెచ్చి, తీగల కింద దూర్చి మెల్లగా అద్ది తీసింది. ముద్ద నల్లబడింది, అయస్కాంతం తెల్లబడింది. మూడుసార్లు అలా చేసి, మీటమంది. గొంతు తిరిగి వచ్చింది. అన్న సండూరు పార్టీలో వాయించే రోజుల్లో ప్రోగ్రాము నుంచి వచ్చిన ప్రతిసారీ అతని పాత గిటారును తానే ఇలా శుభ్రం చేసేదట. ఈ విద్య తెనాలిలో నేను ఎవరికీ చెప్పుకోలేను, మా దుమ్ములో ఇనుము లేదు.

జొన్నరొట్టె, గురెళ్ళ పొడి, పెరుగు పెట్టింది. గురెళ్ళంటే నల్లగా సన్నగా ఉండే నూనెగింజలు, వేయించి కారం కలిపి దంచుతారు. మూడు రొట్టెలు తిన్నాను. తింటున్నప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది.

గాదిలింగప్పకు ఆర్కెస్ట్రా సాయంత్రాల పని. పగలు కంప్రెసర్ ట్రాక్టరు మీద పనిచేసేవాడు. ఈ ప్రాంతంలో బావిలో బండ తగిలితే ఆ ట్రాక్టరును పిలుస్తారు. కిందికి దిగి బండకు తూట్లు వేసి, మందు పెట్టి పేలుస్తారు. బావి అడుగున ఆ చప్పుడు ఎటూ పోదు.

“పన్నెండేండ్లు చేసినాడన్నా. చెవుల్లో పొరలు చినిగి వినికిడి పోయింది. గిటారుకు కొలతిచ్చినప్పుడు సగం వినపడతాండ్య. అది తయారయ్యే టయానికి మిగతా సగమూ పోయె. ఇంక ఏం పెట్టుకుని తెచ్చుకుంటాడు?”

పార్టీ మానేసి సిరుగుప్ప దగ్గర కెంచనగుడ్డకు వెళ్ళిపోయాడు, నది ఒడ్డున ఎవరి పొలానికో నీళ్ళ మోటారు చూసుకుంటున్నాడు. ఈ గిటారు అతను తాకడు, నువ్వే తీసుకుపో అంది. బతికున్న మనిషి వస్తువు చచ్చినవాళ్ళ ఫోటోలా గోడకు వేలాడుతుంటే తనకు భయంగా ఉంటుందని కూడా అంది.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు నాకు ఆనందం కలిగింది. దాచడం ఎందుకు. వినపడని మనిషికి గిటారు ఎందుకు, తప్పకుండా వద్దంటాడు, నా సీజను నిలబడింది అనుకున్నాను. ఆ తర్వాతే ఆ ఆనందానికి సిగ్గేసింది. సిగ్గేసినా ఆనందం మాత్రం తగ్గలేదు.

కెంచనగుడ్డ: ఉత్తరం

మూడో రోజు బళ్ళారి మీదుగా సిరుగుప్ప వైపు. ఎర్ర కొండలు వెనకబడి, ఎక్కడ చూసినా వరి మళ్ళు, కాలవలు. కళ్ళు మూసి దింపితే మా డెల్టా అనుకునేవాణ్ణి, ఒడ్డున పేర్చిన బండరాళ్ళు లేకపోతే.

వినపడని మనిషితో మాట్లాడ్డం ఎలాగని బస్సులో ఆలోచించి, ఒక ఉత్తరం రాశాను. నా భుజం, డాక్టరు మాట, ఇరవై ఏళ్ళ అనుభవం, ఇంట్లో పరిస్థితి, అన్నీ రెండు పేజీలు. చివర ఒక కళాకారుడు ఇంకో కళాకారుడికి చేసుకునే విన్నపం అని రాసి, చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. నేను ఇంత బాగా రాయగలనని అప్పటిదాకా తెలియదు.

నది పక్కన రేకుల షెడ్డు. మోటారు హోరు. గట్టు మీద పొడుగ్గా, సన్నగా ఒక మనిషి కాలవలో గడ్డి లాగుతున్నాడు. చేతులు చూడగానే అతనే అని తెలిసిపోయింది, నా చేతుల్లాంటివే. నవ్వి, చేతులు కడుక్కుని వచ్చాడు. నేను వినయంగా ఉత్తరం అందించాను. అతను పట్టుకుని, దూరం జరిపి, దగ్గర పెట్టుకుని, తిప్పి చూశాడు. తర్వాత జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చేశాడు.

అప్పుడు తట్టింది నాకు. నోటి మాట తెలుగే అయినా బడి కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కావచ్చు గానీ, మూడో తరగతితోనే ఆపాడని చెల్లెలు చెప్పిన మనిషికి, బస్సు కుదుపుల్లో రాసిన నా తెలుగు ఏ వరస అవుతుంది? రెండు పేజీల కళ అలా వృథా అయింది.

ఇంతలో అతని భార్య ఈరమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె దుప్పటి మూట వైపు చూసింది.

“నా పెదాలు చూస్తేనే తెలుస్తాది ఆయనకు. వేరేవాళ్ళవి తెలీదు. నువ్వు అడిగింది అడిగినట్టు చెప్తానప్పా, నా మాట ఒకటీ కలపను.”

నేను నా రెండు పేజీలూ చదివాను. ఆమె ఒక్కో వాక్యం విని, భర్త వైపు తిరిగి, శబ్దం లేకుండా పెదాలు కదిపింది. కళాకారుడి విన్నపం దగ్గర ఒక్క క్షణం తడబడి, దాన్నీ చెప్పింది. ఆమె ముఖం చూస్తే గిటారు పోకూడదని ఉందని నాకు తెలిసింది. అయినా ఒక మాట తగ్గించలేదు, పెంచలేదు. ఆమె చోట నేనుంటే అంత నిజాయితీగా ఉండేవాణ్ణని చెప్పలేను.

గాదిలింగప్ప ఎక్కువసేపు ఆలోచించలేదు. తమ గొంతు తమకు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు, కాస్త గట్టిగా, ఎత్తుపల్లాలు లేకుండా అన్నాడు:

“నాకు బేడప్పా. నువ్వు తీసుకో. వాయించేవాని దగ్గరుంటే బాగుంటాది.”

అంతే. నాది అయిపోయింది. వెళ్ళే ముందు అన్నం తినమన్నాడు. కొత్త బియ్యం అన్నం, వంకాయ కూర, ముద్దపప్పు. ఈరమ్మ వడ్డిస్తుంటే నాకు ముద్ద దిగలేదు. తినకపోతే ఆమె ఏమనుకుంటుందోనని రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

లేవబోతుంటే అతను ఒక్కసారి వాయించి చూపించమని సైగ చేశాడు. వినడానికి కాదు, చూడ్డానికి. మూట విప్పి తగిలించుకున్నాను. ఈరమ్మ షెడ్డులోకి వెళ్ళి మోటారు ఆపేసింది, నీళ్ళ హోరు తగ్గింది. మా పార్టీలో నాకు పేరు తెచ్చిన ముక్కే ఎత్తుకున్నాను. అతను నా వేళ్ళను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అతని చూపు కొమ్ము మీదికి వెళ్ళింది, దానికి వేలాడుతున్న నా సంచీ మీదికి.

దగ్గరికి వచ్చి సంచీ తీసి నా చేతిలో పెట్టాడు. కొమ్ము చివరి తోలు ముక్కను వేలితో తడిమాడు. గిటారు మెడ చివర చూశాడు, తల ఉండాల్సిన చోట. ఏదో అర్థమైనట్టు ముఖం మారింది.

అప్పుడు నాకూ అర్థమైంది. స్టేజీ మీద డ్రమ్ములూ మైకులూ హోరెత్తుతుంటే శృతి చూసుకోవడం కష్టం. అప్పుడు గిటారు తలను దవడకు ఆనించి తీగ మీటుతాం. చెవి దాకా పోకుండా ఎముకలోంచే శృతి తెలుస్తుంది. నేను రోజూ చేసే పనే. ఇతనూ చేసి ఉంటాడు, వీరభద్రప్ప చూసి ఉంటాడు. తల తీసేశాడు కాబట్టి దవడకు ఆనేదేదో ఇంకోటి పెట్టాలి. పాత స్పీకరులో కాగితం చించి, లోపలి తీగచుట్టను ఈ కొమ్ము మొదట్లో అంటించాడు. రెండో స్విచ్చు వేస్తే జివ్వుమన్నది అదీ. దానికి నేను రెండు రోజులు సంచీ తగిలించుకుని తిరిగాను.

గాదిలింగప్ప రెండో స్విచ్చు వేశాడు. వంగి, ఎడమ దవడను తోలు ముక్కకు ఆనించాడు. గిటారు నా భుజానే ఉంది, అతని ముఖం నా ముఖానికి బెత్తెడు దూరంలో ఉంది. ఇద్దరు మగవాళ్ళం నది ఒడ్డున అలా నిలబడితే ఎవరైనా నవ్వుతారు. నేను వాయించాను. స్పీకరు ఆగిపోయింది కాబట్టి తీగల మీద నా గోరు చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు. నేను ముక్క పూర్తి చేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. అతను తల ఎత్తలేదు. ఈరమ్మ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

చాలాసేపటికి కళ్ళు తెరవకుండానే అన్నాడు:

“మూడో తంతి దిగిండాదప్పా.”

మీటి చూశాను. నిజమే. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న నా చెవి బస్సు కుదుపులకు జారిన ఆ తీగను పట్టుకోలేదు. అతను చెయ్యి కిందికి పోనిచ్చి, దవడ తియ్యకుండానే, మరను కొంచెం తిప్పాడు. ఇంకొంచెం. ఆపాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, కాదనను. ఆ నీళ్ళలో కొన్ని చేజారుతున్న నా సీజను కోసం కూడా. ఇప్పుడు ఈ గిటారు ఎవరిదో నాకు తెలుసు, ఇది లేకపోతే ఈ ఏడు స్టేజీ మీద నా చోట లీడరు మేనల్లుడుంటాడనీ తెలుసు.

అతను నిటారుగా నిలబడ్డాడు. స్విచ్చు ఆపాడు. తర్వాత, నేను ఊహించని పని చేశాడు. నా సంచీ తీసుకుని, జాగ్రత్తగా నా కుడి భుజానికి తగిలించి, బస్సు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. తీసుకోమని ఒకసారి అన్నాడు, ఆ మాట అలాగే ఉంది. ఈరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

నేను బెల్టు విప్పాను. ఈరమ్మను పిలిచి, ఆయనకు చెప్పమ్మా, ఈ గిటారు నా కొలతకు అతకలేదు, భుజం లాగుతోంది, నాకు పనికిరాదు అన్నాను. ఆమె నన్ను చూసింది. అంతసేపు నేను ఎంత హాయిగా నిలబడి వాయించానో ఆమె కళ్ళారా చూసింది. ఒక మాట తగ్గించకుండా, పెంచకుండా, భర్త వైపు తిరిగి పెదాలు కదిపింది.

గాదిలింగప్ప నా ఎడమ భుజం చూశాడు, నా చేతులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. గిటారు అందుకున్నాడు.

“అబద్ధం చెప్తాండావప్పా,” అన్నాడు, ఆ ఎత్తుపల్లాలు లేని గొంతుతోనే. “అయినా ఉంచుకుంటా.”